తోడు సూక్ష్మజీవులు, కడుపు సూక్ష్మజీవులు

(ఎల్.బి.నగర్‌లో పాల సంఘాల ప్రతినిధుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము. లెక్కల పుస్తకాలు, పాల క్యాన్లు తనిఖీ చేసేవారం. అయినా సూక్ష్మజీవులతో మీకూ మాకూ రోజూ పనే. గోరువెచ్చని పాలలో తోడు వేస్తే కమ్మని పెరుగవుతుంది. కడగని క్యానులో పోస్తే అవే పాలు విరిగిపోతాయి. ఏ జాతి బాక్టీరియా చేరిందన్నదే తేడా. మన కడుపులోనూ ఇంతే.

హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా జీర్ణాశయంలో కాపురముంటుంది. అది జబ్బు చేస్తుందని చూపడానికి ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ 1984లో దానిని తానే తాగి జబ్బుపడ్డాడు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దానిని క్యాన్సర్ కారకాలలో చేర్చింది. 2005లో మార్షల్‌కు, రాబిన్ వారెన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఇది ఉన్నవారిలో చాలామందికి క్యాన్సర్ రాదు. అయితే కడుపునొప్పి, మంట విడవకపోతే పరీక్ష చేయించుకోవాలి. ఉన్నదని తేలితే డాక్టరు ఇచ్చే మందులు పూర్తిగా వాడాలి.

ఇక హార్మోన్ల సంగతి. స్త్రీల శరీరంలో పని ముగిసిన ఈస్ట్రోజన్‌కు కాలేయం ఒక ముద్ర వేసి, పైత్యరసంతో పేగులోకి పంపుతుంది. అక్కడి కొన్ని బాక్టీరియాలు ఆ ముద్రను ఊడదీస్తాయి. అప్పుడు హార్మోను మళ్ళీ రక్తంలో చేరుతుంది. తిరస్కరించిన క్యానుకు చీటీ చింపి మళ్ళీ లోపలికి పంపినట్లే! ఈస్ట్రోజన్ ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. 1982లో బోస్టన్ పరిశోధకులు పరీక్షించగా, శాకాహార స్త్రీలలో ఈ హార్మోను మలం ద్వారా ఎక్కువగా పోతున్నదని, రక్తంలో తక్కువగా ఉన్నదని తేలింది. జొన్నరొట్టె, ఆకుకూరలు, పప్పులలోని పీచు మంచిదే. కాని కడుపులోని బాక్టీరియాను మార్చి రొమ్ము క్యాన్సర్‌ను ఆపే మందు ఇంకా రాలేదు. పెరుగు మంచి ఆహారం, క్యాన్సర్‌కు మందు కాదు. అలా చెప్పి సరుకు అమ్మడం మన సంఘాలకు తగదు.

మన వంతు పని ఒకటున్నది. పొదుగువాపుకు యాంటీబయోటిక్ సూది వేయించిన గేదె పాలను, పశువైద్యుడు చెప్పిన గడువు తీరేదాకా సంఘంలో పోయకండి. ఆ పాలు తోడుకోవు. మందుకు లొంగని బాక్టీరియా పెరగడానికీ అవి దోహదం చేస్తాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో పసిబిడ్డకు పాలు కాచే తల్లికి ఆ సూది సంగతి తెలియదు, మీకు తెలుసు.

అక్కచెల్లెళ్ళకు చివరిమాట. రొమ్ములో గడ్డ తగిలితే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ మీదుగా లకడీకాపూల్ చేరవచ్చు. అక్కడికి దగ్గరలోనే రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. ఒక పూట పాలు పోయడం తప్పినా నష్టం లేదు, పరీక్ష తప్పకూడదు.

సెలవు.