సామాజిక మాధ్యమములు – ఆనవాళ్లు

(రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వముతో నారంభించెను. ఆ పర్వమున సగము దాగుటను గూర్చిన కథయే. పాండవులు ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి; పేరులు మార్చిరి; వేషములు మార్చిరి. దుర్యోధనుని వేగులవారు దేశములన్నియు గాలించి, జాడ తెలియలేదని చేతులు కట్టుకొని నిలిచిరి. అప్పుడు భీష్ముడు చెప్పిన మాట నేటి విషయమునకు మిక్కిలి యవసరము. ధర్మరాజున్న చోట వానలు సకాలమున గురియును, పైరులు పండును, గోవులు సమృద్ధిగా పాలిచ్చునని యాయన చెప్పెను. అనగా మనిషి కనబడకున్నను అతని గురుతులు కనబడును. కీచకుడు చచ్చెనను వార్తయు నా సభకే చేరెను. పిమ్మట కౌరవుల దండు మత్స్యదేశముపైకే నడచెను. పాండవులలో నొక్కడును నోరు విప్పలేదు.

ఫేస్‌బుక్కును, వాట్సాపును గూర్చి చెప్పబూని విరాటుని కొలువునకు బోనేల యని కొందరికి దోచవచ్చును. ఆ కారణము పిదప దెలియును. ముందుగా వాని మేలు చెప్పుట న్యాయము.

కరీంనగరు, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములనుండి బ్రతుకుదెరువునకై గల్ఫు దేశములకు బోయినవారు వేలకు వేలు గలరు. పూర్వ మక్కడినుండి ఉత్తరము వచ్చుటకు వారములు పట్టెడిది. చదువురాని తల్లి దానిని పొరుగువారిచే జదివించుకొనవలెను. ఇంటిగుట్టు సగము ఆ అరుగుమీదనే బయటపడెడిది. నేడా తల్లి కొడుకు ముఖమును జూచుచు మాటలాడుచున్నది. వాట్సాపులోని మాటలు 2016 ఏప్రిలునుండి, పంపినవారును అందుకొన్నవారును దప్ప నడుమ నెవ్వరును జదువలేని గూఢలిపిలో బోవుచున్నవి. కావున గుట్టు విషయమునను ఆమెకు కొంత లాభమే కలిగినది. 2018 ఆగస్టులో కేరళమున వరదలు వచ్చినపుడు మేడలపై జిక్కినవారు తామున్న చోటు నీ మాధ్యమముల ద్వారా దెలుపగా పడవలు వెదకికొని వచ్చినవి. 2021 వేసవిలో కరోనా రెండవ తాకిడివేళ ప్రాణవాయువు సిలిండరు ఎచ్చట దొరకునో, ఏ యాసుపత్రిలో పడక ఖాళీగా నున్నదో ముక్కుమొగ మెరుగనివారు ఒండొరులకు దెలుపుకొనిరి. దీనిని తేలికగా ద్రోసివేయువాడు ఆపద నెరుగనివాడు.

అయితే ఇంత పని చేసిపెట్టుచు, సామాన్యునినుండి పైసయైన దీసికొనని యీ వ్యాపార మెట్లు సాగుచున్నది? లెక్క లెరిగినవారు జమవైపు చూడవలెను. ఫేస్‌బుక్కు, వాట్సాపు, ఇన్‌స్టాగ్రాము – ఈ మూడును మెటా యను అమెరికా సంస్థవే. 2023లో ఆ సంస్థ రాబడి సుమారు 13,490 కోట్ల డాలర్లు. అందు సుమారు 13,190 కోట్లు ప్రకటనల వలన వచ్చినవే. ఎవరి కేది యిష్టమో తెలిసినగాని ప్రకటనకు ధర పలుకదు. కావున ఏ బొమ్మయొద్ద వ్రేలు నిలిచెను, దేనిని మెచ్చెను, ఏ వేళ మేల్కొనియుండెను అను గురుతులన్నియు పద్దులకెక్కుచున్నవి. ఖాతా యను మాట పల్లెవారికి గొత్తది కాదు. అయితే ఈ ఖాతాలో ఏమి వ్రాయబడినదో ఖాతాదారునికే తెలియదు.

2013లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు, స్వచ్ఛందముగా ముందునకు వచ్చిన సుమారు 58,000 మంది ఫేస్‌బుక్కులో మెచ్చినవానిని పరిశీలించి, వారి రాజకీయాభిప్రాయమును, మతమును సైతము చాలవరకు ఊహింపవచ్చునని చూపిరి. స్ట్రావా యనునది పరుగెత్తువారును సైకిలు త్రొక్కువారును తమ దారులను బంచుకొను మాధ్యమము. 2017 నవంబరులో నది పేరు లేమియు లేకుండ ఆ దారులనన్నిటిని వెలుగుగీతలుగా జూపు ప్రపంచపటమును ప్రకటించెను. 2018 జనవరిలో ఆస్ట్రేలియా విద్యార్థి యొకడు దానిని బరికించి చూడగా, సిరియా, ఆఫ్ఘనిస్థానముల చీకటి ఎడారులలో సైనికస్థావరముల యాకారములు వెలుగుచు గనబడినవి. సైనికులు తామెక్కడనున్నారో చెప్పలేదు. ఉదయమున వ్యాయామము చేసిరి, అంతే. భీష్ముని మాట యిది కాదా?

ఇంతకన్న చిక్కైన సంగతి వేరొకటి గలదు. ఒకని గుట్టునకు మరియొకడు తాళముచెవి యిచ్చుట. కేంబ్రిడ్జి అనలిటికా వ్యవహారము 2018 మార్చిలో బయటపడినది. మనస్తత్త్వ పరీక్ష యను పేర నొక ఆప్ ఫేస్‌బుక్కులో నడచెను. భారతదేశమున దానిని దింపుకొన్నవారు 335 మంది మాత్రమే. అయినను, ఇట్టివారితోను విదేశములలో దానిని దింపుకొన్నవారితోను స్నేహము గలిగిన పాపమునకు 5,62,120 మంది భారతీయుల వివరములు చేయిమారియుండవచ్చునని ఫేస్‌బుక్కే చెప్పెను. ఆ లక్షలమందిలో నొక్కరిని గూడ ఎవ్వరును అడుగలేదు.

ఇది దొరలదేశపు ముచ్చట యని కొట్టివేయరాదు. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు క్షణములలో అప్పిచ్చు ఆప్‌ల వ్యవహారమున పలువురిని నిర్బంధించిరి. వారి పద్ధతియు నిదియే. అప్పుగొన్నవాని ఫోనులోని పేర్లపట్టీని ముందే లాగుకొని, వాయిదా తప్పగానే అత్తవారికి, మేనమామకు, పనియిచ్చిన యజమానికి ఫోను చేసి పరువు దీయుట. ఆ యవమానము భరింపలేక ప్రాణములు దీసికొన్నవారును గలరు. ఇచ్చిన సంఖ్య అప్పుగొన్నవానిది. మ్రోగిన ఫోను మేనమామది.

చట్టము లేకపోలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా దీర్పు చెప్పిరి. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు ఎనుబది దాటిన వయస్సున వేసిన వ్యాజ్యమది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు చట్టమును జేసినది. కాని ఫోనులో ‘అంగీకరించితిని’ యనుదానిపై వ్రేలు నొక్కునపుడు న్యాయమూర్తి ప్రక్కన నుండడు.

గ్రంథాలయములో పుస్తకము లిచ్చుపట్టిక యొకటి యుండును. దానిని వరుసగా జదివినచో ఎవరింట రోగ మున్నది, ఎవరు భూమితగాదాలో జిక్కిరి, ఏ పిల్ల పరీక్షకు రహస్యముగా జదువుచున్నది తెలిసిపోవును. అందుచేతనే గ్రంథపాలకుడు దానిని బల్లమీద విడువక బీరువాలో బెట్టి తాళము వేయుట. ఫోనులోను అట్టి బీరువా కలదు. ‘అనుమతులు’ అనుచోట జూచినచో, ఏ ఆప్ పేర్లపట్టీని జదువుచున్నదో, ఏది నిలిచిన చోటును గనిపెట్టుచున్నదో కనబడును. పిల్లల యాటకు మేనమామ సంఖ్యతో బనిలేదు, అట్టివానిని మూసివేయవచ్చును. చోటు తెలుపు అనుమతిని మూసినంతమాత్రమున దుబాయినుండి వచ్చు పిలుపు ఆగదు.