హద్దు గీతలోనే ఉండాలి
(రాయపూర్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాయపూర్‌లో మాట్లాడుతున్నాను కనుక పక్కనున్న భిలాయితో మొదలుపెడతాను. ఆ ఉక్కు కర్మాగారాన్ని సోవియట్ సహకారంతో కట్టారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే మాస్కోలో ఎమెల్యనోవ్, ఆ తరువాత ఉట్కిన్ స్లైడింగ్ మోడ్ నియంత్రణకు పునాది వేశారు. ఉట్కిన్ 1977లో ఇంగ్లీషులో రాసిన వ్యాసంతో అది మిగతా ప్రపంచానికి బాగా తెలిసింది.

సంగతి ఇదీ. రాడార్ యాంటెన్నాను ఒక దిశకు తిప్పాలి. ఇంకా ఎంత తిరగాలో అది తేడా. తేడాకూ వేగానికీ సంబంధం చెప్పే గీత ఒకటి నిర్ణయిస్తాం. గీతకు ఇటుంటే మోటారును ఒకవైపు, అటుంటే రెండోవైపు తోస్తాం. గీతమీదికి వచ్చాక యాంటెన్నా జారుబండ మీద పిల్లవాడిలా గమ్యానికి జారిపోతుంది. గాలి తోసినా, బరువు మారినా, మోటారుకు బలం చాలినంతవరకు గీత తప్పదు.

మరి హద్దుల మాటేమిటి? గేర్‌బాక్స్ సెకనుకు 30 డిగ్రీల వేగమే ఓర్చుకుంటుందనుకోండి. డిగ్రీ తేడాకు 2 డిగ్రీల వేగం చొప్పున గీత గీశాం. తేడా 60 అయితే గీత 120 అడుగుతుంది. గేరు పళ్లు మిగలవు! భయపడి అర డిగ్రీ చొప్పున గీస్తే హద్దు దాటదు గాని, తేడా 1 డిగ్రీకి దిగడానికి 8 సెకన్లు పడుతుంది. శత్రు విమానం అంతసేపు ఆగదు కదా.

ఉపాయం ఏమిటంటే, గీతను వంచాలి. తేడా 15 డిగ్రీలకు తగ్గేదాకా నిలకడగా 30 వేగం, అక్కడినుంచి పాత 2 డిగ్రీల గీత. మొదట వేగం అందుకునే సమయం వదిలేస్తే మొత్తం 3 సెకన్ల లోపే! రెండు జాగ్రత్తలున్నాయి. వంపు దగ్గర సెకను సెకనుకు 60 డిగ్రీల చొప్పున వేగం తగ్గాలి, ఆ బలం మోటారుకు ఉందో లేదో ముందే చూసుకోవాలి. మోటారు ఇటూ అటూ మారేటప్పుడు సన్నని వణుకు తప్పదు, అందుకని అసలు హద్దుకు కాస్త లోపలే గీయాలి.

"లిమిట్ స్విచ్ ఉందిగా" అంటారు కొందరు. స్విచ్ కోసేసిన క్షణాన గీత పోతుంది, దానితోపాటు గాలినీ బరువునూ తట్టుకునే గుణమూ పోతుంది. స్విచ్ ఉండాలి, ఆఖరి కాపలాదారుగా. హద్దు మాత్రం గీతలోనే ఉండాలి. పరికరాలు సరిచూసే మన కుర్రవాళ్లు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే.

 జై హింద్.