గుప్పెడు బియ్యము, పన్నెండు గంపలు

(రేడియో ప్రసంగ పాఠము. ధ్యానభాగము: యోహాను సువార్త 6:1–13)

మీలో చాలామంది ఈ కార్యక్రమాన్ని ఉదయం వంట చేసుకుంటూ వింటారని మీ ఉత్తరాలను బట్టి నాకు తెలుసు. కాబట్టి ఈవేళ పొయ్యి దగ్గరున్న తల్లులతోను, అక్కచెల్లెళ్ళతోను ముందుగా మాట్లాడాలని ఆశపడుతున్నాను. బియ్యం కొలిచే డబ్బా ఇంకా మీ చేతిలోనే ఉంటే ఒక్క నిమిషం అలాగే పట్టుకోండి. ఈ దినపు వర్తమానము ఆ డబ్బాను గురించినదే.

మనం చదువుకున్న వాక్యభాగము మీకు కొత్తది కాదు. ఆదివార పాఠశాల పిల్లవాడు కూడా చెప్పగలడు. అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు, అయిదు వేలమంది పురుషులు. స్త్రీలు, పిల్లలు ఆ లెక్కలో లేరని మత్తయి వ్రాశాడు. అందరూ తృప్తిగా తిన్నారు. సాధారణంగా మేము బోధకులము ఇక్కడికి రాగానే స్వరం పెంచుతాము, మీరు హల్లెలూయ అంటారు, ప్రసంగం ముగుస్తుంది. పన్నెండవ వచనం దాకా వెళ్ళేవారు తక్కువ. నేను కూడా చాలా ఏళ్ళు వెళ్ళలేదు.

పన్నెండవ వచనంలో ఏమి జరిగింది? జనులు తిన్న తరువాత ప్రభువు శిష్యులను పిలిచి, మిగిలినదంతా ఏరి తెమ్మన్నాడు, ఏదియు వృథా కాకూడదన్నాడు. ఆలోచించండి, ప్రియులారా! అయిదు రొట్టెలను అంతమందికి పంచగలిగినవానికి మిగిలిన ముక్కలతో పనేమిటి? మరునాడు ఆకలివేస్తే మళ్ళీ ఆశీర్వదించి పంచగలడు గదా! మనమైతే, “దేవుడు సమృద్ధిగా ఇచ్చాడు, పోనివ్వండి” అనేవాళ్ళం. లేనివాడు దాచుకోవడం వింత కాదు. అన్నీ కలిగినవాడు ముక్కలు ఏరించాడు, అదీ వింత.

పన్నెండు గంపల మాట నాలుగు సువార్తలలోను ఉన్నది గాని, వాటిని ఎందుకు నింపించాడో చెప్పినది యోహాను ఒక్కడే. అక్కడ ఆయన వాడిన గ్రీకు క్రియాపదము ‘అపోల్లుమి’. యోహాను 3:16లో నశించుట అని మనం చదివే చోట మూలభాషలో ఉన్నదీ ఆ పదమే. మనుష్యుడు నశించకూడదని ఏ మాటతో చెప్పబడిందో, రొట్టెముక్క నశించకూడదని కూడా అదే మాటతో చెప్పబడింది. రొట్టెముక్కా మనుష్యుని ఆత్మా సమానమని నేను అనడం లేదు, అపార్థం చేసుకోకండి. కాని ఆ గడ్డిలో వంగి ముక్కలు ఏరినది అపొస్తలులు. మన విందులలో ఆ పని ఎవరు చేస్తారో మీకు తెలుసు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది.

కొన్ని సంవత్సరాల క్రితం మా పెద్దమ్మాయి వివాహము మందిర ఆవరణలోనే జరిగింది. మాది గోదావరి కాలువ గట్టు మీది ఊరు. ఆరువందల మంది రావచ్చునని మా ఇంట్లోవారు లెక్కవేశారు. నేను వంటమేస్త్రితో వెయ్యిమందికి వండమన్నాను. పాస్టరుగారి ఇంట పెళ్ళిలో కూర అయిపోయిందని ఎవరైనా అంటే పరువు పోతుందని నా భయము. ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. అయిదువందల మంది కూడా రాలేదు. రాత్రి పదకొండు గంటలకు మేస్త్రి వచ్చి, “అయ్యగారూ, మూడు గుండిగల అన్నం, పులిహోర అలాగే ఉండిపోయాయండి, ఏం చేయమంటారు?” అని అడిగాడు. అలసిపోయి ఉన్నాను. “ఎక్కడో ఒకచోట పారబోయించు బాబూ” అన్నాను.

తెల్లవారి కాలువ గట్టుకు వెళ్ళాను. గట్టు పొడవునా అన్నం తెల్లగా పరచుకొని ఉన్నది. ప్లాస్టిక్ గ్లాసులు, పూత పూసిన కాగితపు పళ్ళాలు నీళ్ళ మీద తేలుతూ లాకుల వైపు పోతున్నాయి. ఒక ఆవు అన్నం మూటకట్టిన క్యారీబ్యాగును సంచితో సహా నములుతూ ఉన్నది. మా మందిరం ఊడ్చే వృద్ధురాలు, మేమందరం మామ్మగారని పిలుస్తాము, గట్టు మెట్ల మీద గిన్నె కడుగుతూ ఉన్నది. నన్ను చూసి లేచి నిలబడింది. “అయ్యగారూ, రాత్రి ఒక్క కబురు పెట్టించలేకపోయారా? మా పేటలో పిల్లలు చారు నీళ్ళు తాగి పడుకున్నారు” అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ మాట తరువాతనే నేను పన్నెండవ వచనము చదవడం మొదలుపెట్టాను.

ఆ కాలువ ఏ కాలువ? 1832–33 ప్రాంతాల్లో గుంటూరు సీమను పట్టి పీడించిన డొక్కల కరువు పేరు మీ తాతముత్తాతల నోట వినే ఉంటారు. ఆ కరువు తరువాతి రోజులలో, 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొరగారు ధవళేశ్వరము దగ్గర ఆనకట్ట కట్టించారు. కాలువలు తవ్వించారు. డెల్టా పచ్చబడింది. ఆ నీటితో పండిన వడ్లను వండి, ఆ అన్నాన్ని తిరిగి ఆ కాలువలోనే పారబోసినవాడిని నేను. అంతేకాదు, వేసవిలో కాలువలు కట్టేసే ముందు దిగువ గ్రామాలవారు ఆ నీటితోనే మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు.

కిలో బియ్యం పండడానికి వాననీరు, కాలువనీరు అన్నీ కలిపి సగటున 2,500 లీటర్ల నీరు పొలానికి చేరాలి. మీ చేతిలోని డబ్బా వైపు చూడండి. ఒక గుప్పెడు అంటే సుమారు 50 గ్రాములు అనుకుందాం. పూటకొక గుప్పెడు చొప్పున రెండు పూటలా మిగిలి పారబోస్తే రోజుకు వంద గ్రాములు. సంవత్సరానికి 36 కిలోలు. నీటి లెక్క వేస్తే 90,000 లీటర్లు. మీ ఇంటికి 20 లీటర్ల మంచినీళ్ళ క్యాను వస్తుంది గదా, అటువంటి క్యాన్లు 4,500. ఒక్క ఇంటిలో, ఒక్క సంవత్సరంలో! మెట్ట ప్రాంతాలలో ఆ నీటిని బోరు మోటారుతో పాతాళం నుండి లాగాలి, దానికి కరెంటు కావాలి, కరెంటుకు బొగ్గు కాలాలి.

సంగతి ఇంతటితో ఆగదు. నీళ్ళు నిలిచిన వరిచేలో మట్టికి గాలి తగలదు. అటువంటి చోట సూక్ష్మజీవులు మీథేన్ అనే వాయువును పుట్టిస్తాయి. మనం పారబోసిన అన్నం చెత్తదిబ్బ అడుగున కుళ్ళినప్పుడు కూడా అదే వాయువు పుడుతుంది. బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే ఇది నూరేళ్ళ లెక్కన సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అంటే తినని అన్నం భూమిని రెండుసార్లు వేడి చేస్తుంది, పండేటప్పుడు ఒకసారి, కుళ్ళేటప్పుడు ఒకసారి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగంవారు 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022లో లోకమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో నూటికి 60 వంతులు హోటళ్ళలోనో దుకాణాలలోనో కాదు, ఇళ్ళలోనే. మన దేశంలో ఇళ్ళలో పారవేసేది తొక్కలు, ఎముకలు కూడా కలిపి మనిషికి ఏడాదికి 55 కిలోలని వారి అంచనా. భాగించి చూశాను. రోజుకు 150 గ్రాములు వచ్చింది. పొలంలో పాడయ్యేది, ఇంట్లో పారవేసేది కలిపి చూస్తే, దానివలన పుట్టే వాయువులు లోకంలోని విమానాలన్నీ వదిలేదానికి దాదాపు అయిదు రెట్లు. మనమేమో విమానం ఎక్కేవాడిని చూసి వేలు చూపిస్తాము.

2015 మే నెల మీకు జ్ఞాపకమున్నదా? ఆ ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండువేలమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు, ఎండలో కూలిపని చేసుకొనేవారు. ఆ ఎండకు మన విందులే కారణమని నేను చెప్పను, అలా చెబితే అబద్ధమవుతుంది. భూమి వేడెక్కేకొలది అటువంటి ఎండలు మరింత తరచుగా, మరింత తీవ్రంగా వస్తాయని మాత్రం శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఆ తాపము చివరగా తగులుతుంది. నాట్లు వేసే అక్కకు మొదట తగులుతుంది. మనం వదిలేసిన అన్నాన్ని నాటినదీ ఆమెయే.

ఇక్కడ ఒక సహోదరుడు నన్ను అడిగాడు. “అయ్యగారూ, పెద్దపెద్ద ఫ్యాక్టరీలు పొగ వదులుతుంటే, దేశాల నాయకులే మాట మీద నిలబడకపోతుంటే, మా ఇంట్లో గుప్పెడు అన్నంవల్ల భూమికి ఏమవుతుందండీ?” న్యాయమైన ప్రశ్న. ఫ్యాక్టరీల లెక్క వేరే ఉన్నది, అది పెద్దదే. దానికి ప్రభుత్వాలు జవాబు చెప్పాలి, మనం అడగాలి కూడా. అయితే నేను ఆయనను తిరిగి ఒకటి అడిగాను. “బాబూ, మన మందిరం పెంకులు దింపి స్లాబు వేసిన డబ్బు ఎక్కడిది?”

మన స్త్రీల సమాజపు గుప్పెడు బియ్యం! మీ సంఘాలలో కూడా చాలాచోట్ల ఉన్నది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక గుప్పెడు ప్రభువు కుండలో వేయడం, వారం చివర మందిరానికి తేవడం. మిజోరం సంఘాలలో తల్లులు నూరేళ్ళకు పైగా ఇదే పని చేస్తూ, ఆ బియ్యంతో సువార్తికులను పంపుతున్నారు. కూడబెట్టిన గుప్పెడు స్లాబు వేయగలదని నమ్మే మనం, పారబోసిన గుప్పెడు ఏమీ చేయదని ఎలా నమ్ముతాము? లెక్క ఒక్కటే గదా!

మా సంఘంలో ఏమి చేశామో చెబుతాను. గొప్పకు చెప్పడం లేదు, చాలా చిన్న పనులు. ప్రేమవిందుకు ముందటి ఆదివారం భోజనానికి ఉండేవారి పేర్లు వ్రాసుకుంటాము. ఆ లెక్కకే వండిస్తాము. వడ్డించేవారికి ఒక్కటే మాట, మొదట కొంచెం వేయండి, అడిగితే మళ్ళీ వేయండి. మనవాళ్ళకు “వద్దు వద్దు” అంటున్నా వేయడం మర్యాద, అది మాన్పించడానికే ఎక్కువ కాలం పట్టింది. పూత పళ్ళాలు మాని అడ్డాకు విస్తళ్ళు, ఇంట్లోని స్టీలు గ్లాసులు తెచ్చుకుంటున్నాము. తొక్కలు, ఎంగిలాకులు మందిరం వెనుక గోతిలో వేసి మట్టి కప్పితే ఎరువు అవుతున్నది. కొబ్బరిచెట్లు సాక్ష్యమిస్తున్నాయి! గిన్నెలో ముట్టకుండా మిగిలినది చెడిపోకముందే, వెంటనే, పేటకు పోవాలి. మరునాడు పులిసిపోయినది ఇచ్చి దానము అనుకోకూడదు.

దీనికి మా పెద్దలలో ఒకరు మొదట ఒప్పుకోలేదు. కొరత వస్తే సంఘం పరువేమి కాను అన్నారు. ఒక క్రిస్మస్ విందులో నిజంగానే కొరత వచ్చింది. చివరి పంక్తికి కూర చాలలేదు. ఆవకాయ, మజ్జిగతో సరిపెట్టాము. ఆ పంక్తిలో నేనూ కూర్చున్నాను. ఎవరూ సంఘం మానలేదు.

రూతు గ్రంథము రెండవ అధ్యాయంలో ఒక సంగతి చూడండి. బోయజు పొలంలో రూతు తృప్తిగా తిన్నది, కొంత మిగిలింది. పగలంతా పరిగె ఏరి అలసిపోయిన ఆ స్త్రీ, మిగిలినదాన్ని పారవేయలేదు. సాయంకాలం ఇంటికి తీసుకొనిపోయి అత్తగారికి పెట్టింది. రూతు ఆ ముక్కను ఎత్తిపెట్టినందువల్ల ఇంట్లో నయోమి తిన్నది.

ఇప్పుడు మా విందులలో మిగిలినదాన్ని ఎక్కడికి పంపాలో నేను నిర్ణయించను. ఆ బాధ్యత మామ్మగారికి అప్పగించాము. ఏ ఇంట్లో బాలింత ఉన్నదో, ఏ ముసలాయనకు వండిపెట్టేవారు లేరో ఆమెకు తెలుసు, మాకు తెలియదు. మొన్నటి ఈస్టరు విందులో పంక్తులు లేవగానే ఆమె క్యారియరులు వరుసగా పేర్చి, నన్ను కేకవేసి, “అయ్యగారూ, ఆ గరిట ఇటు అందించండి” అన్నది. అందించాను.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న తండ్రీ, కాలువ గట్టున పారబోసిన ఆ అన్నము విషయమై నీ దాసుని క్షమించుము. ఈ పూట పొయ్యి దగ్గర నిలిచియున్న మా తల్లుల చేతులను, ఎండలో నాట్లు వేయుచున్న చేతులను దీవించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.