మంచినీళ్ళ చెరువు



“ఆ రోజులే వేరు” అనే మాట ఈ శతవార్షిక దినములలో మన పెద్దల నోట తరచుగా వింటున్నాము. నలభై దాటిన నేనూ ఆ మాట అంటూనే ఉంటాను. అయితే ఆ రోజులలో ఏది మంచిదో, ఏది కాదో విడదీసి చెప్పకపోతే మన బిడ్డలకు సగము నిజమే అందుతుంది. అందుచేత ఈ పూట ఒక్క నీటి సంగతే తీసుకొని మాట్లాడతాను.

నేను పెరిగినది గోదావరి డెల్టాలో ఒక చిన్న గ్రామము. సర్ ఆర్థర్ కాటన్ గారి చేతి మీదుగా 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరము ఆనకట్ట వలన ఆ ప్రాంతమంతా కాలువలు పారాయి. పొలానికీ, పశువుకూ, మనిషికీ ఆ నీళ్ళే. వేసవిలో కాలువలు కట్టేసేవారు. కట్టేసే ముందు తూము ఎత్తి మంచినీళ్ళ చెరువును గట్టు దాకా నింపుకొనేవాళ్ళము. మళ్ళీ కాలువ వచ్చేదాకా ఊరంతటికీ అదే ఆధారము. 1990 ప్రాంతములో కూడా మా ఇంట కుళాయి లేదు.

అందుకే ఆ చెరువును ఊరు ప్రాణముగా చూసుకొనేది. అందులో స్నానము చేయకూడదు, బట్టలు ఉతకకూడదు, గేదెను దింపకూడదు. గట్టు మీద ఉమ్మిన పిల్లవాడు ఎవరి బిడ్డ అయినా సరే, దగ్గరున్న పెద్దావిడ చెవి మెలిపెట్టేది. వరదకాలములో ఎర్రనీళ్ళు వస్తే నాయనమ్మ కుండ లోపల ఇండుపగింజ అరగదీసేది. తెల్లవారేసరికి మట్టి అడుగుకు దిగి నీరు తేటపడేది.

ఇది ఒక వైపు. ఇండుపగింజ మట్టిని దించింది గాని రోగాన్ని ఆపలేదు. వానలు పడితే వాంతులు, విరేచనాలు మా పేటను పట్టుకొనేవి. ఇత్తడి బిందెలో సుమారు 15 లీటర్లు పట్టేవి. నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకొని అమ్మ రోజుకు మూడుసార్లు నడిచేది. అంటే 90 లీటర్లు. మా చెల్లెలు కడుపులో ఉన్నప్పుడు కూడా ఆ నడక ఆగలేదు. మనము నేడు నిరాడంబర జీవితము అని మెచ్చుకొనేది అమ్మకు మెడనొప్పి.

మరొక సంగతి. ఆ చెరువులో మా పేటవారి రేవు వేరు. ఎందుకు వేరని అడిగితే, “మాట్లాడకుండా నీళ్ళు తెచ్చుకో” అనేవారు. ఆ మౌనము వెనుక భయము ఉంది. 1985 జూలైలో, అప్పటి ప్రకాశము జిల్లా కారంచేడులో దళితులు త్రాగే చెరువు నీళ్ళను పాడు చేయడము దగ్గర మొదలైన తగవు, 17వ తేదీన ఆరుగురు దళితుల హత్యకు దారి తీసింది. యాకోబు బావి దగ్గర మన ప్రభువు సమరయ స్త్రీని నీళ్ళు అడగడము ఎంత పెద్ద మాటో మా పేటవారికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

గ్రామములలో ఇంటింటికీ కుళాయి ఇవ్వాలని 2019లో జల్ జీవన్ మిషన్ మొదలైంది. 20 లీటర్ల నీళ్ళ డబ్బా గుమ్మము ముందుకే వస్తున్నది. ఆడబిడ్డల మెడ మీద బరువు కొంతైనా దిగినందుకు దేవునికి స్తోత్రము. కాని ఒకసారి కాలువ వైపు చూడండి. ప్లాస్టిక్ సంచులు, కోళ్ళ వ్యర్థాలు, ఇళ్ళ మురుగు. ఆ నీళ్ళు మనము త్రాగడము మానగానే కాపాడే చెయ్యీ వెనక్కు పోయింది. దిగువ ఊళ్ళ చెరువులు మాత్రము ఇంకా ఆ కాలువతోనే నిండుతున్నాయి.

ఆ రోజులు తిరిగి రావాలని నేను ప్రార్థించను. ఆ బిందెలు వద్దు, ఆ రోగాలు వద్దు, ఆ వేరు రేవు అసలే వద్దు. ఆ నీళ్ళు అందరివీ అనే జాగ్రత్త ఒక్కటి మాత్రము మనకు కావాలి. యవనస్థులారా, ఈ రాత్రి మీ అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి, రోజుకు ఎన్ని బిందెలు మోసిందో అడగండి. రేపు కాలువ వంతెన మీద చెత్త సంచి విసరబోయే ముందు, దిగువన ఒక తల్లి అదే నీళ్ళలో బిందె ముంచుతుందని తలచుకోండి.