యానిమేషన్ పాఠశాలను పరీక్షించుట
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



సంస్కృతము చదివి, జీవితమంతయు బడిపంతులుగా గడపిన మేము కంప్యూటరు బొమ్మలచదువును గూర్చి మాటలాడబూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. కాని యీయేడు విద్యావేతనమునకు వచ్చిన దరఖాస్తులలో యానిమేషన్ చదువగోరు పిల్లలవియు నున్నవి. మన నిధిలోని ప్రతి రూపాయియు మగ్గముగుంటలో కూర్చుండినవారు కూడబెట్టినది. కావున మాటలాడక తప్పినది కాదు.

మొదట మా తప్పు చెప్పుకొందుము. మా తమ్ముని మనుమని ఒక నగరములోని పాఠశాలలో చేర్చునప్పుడు పెద్దదిక్కుగా మేమును వెంటబోయితిమి. అద్దాలమేడ, చల్లనిగది, వరుసగా కంప్యూటర్లు, గోడనిండ ఉద్యోగములు దొరికినవారి ఫొటోలు చూచితిమి. బాగున్నదంటిమి. పిల్లవాని తండ్రి రెండు మగ్గములలో నొకటి అమ్మి ఫీజు కట్టెను. ఏడాది గడచిన పిదప ముప్పదిమంది విద్యార్థుల షోరీళ్లలోను అదే మరమనుష్యుడు అవే మెట్లెక్కుచుండెను! బొమ్మ పాఠశాలవారిది, నడకయు వారిదే. ఉద్యోగ మిచ్చువారు చూచి పంపివేసిరి. "నువ్వే బాగుందంటివి కదా తాతా" అని వాడు మమ్మడిగెను.

చీరె కొనువారు మడత విప్పి, వెనుకకు త్రిప్పి, పోగు చూతురు గాని అంగడి యద్దములను జూచి ధర కట్టరు. నేతయింట పుట్టియు మేము తిరుగవేసి చూడమైతిమి.

ఈ విద్యకు ప్రాణము చలనము. విష్ణుధర్మోత్తరమున మార్కండేయుడు వజ్రునితో, నృత్తశాస్త్ర మెఱుగనివానికి చిత్రసూత్రము తెలియుట కష్టమని చెప్పెను. మన సీమలోని నిమ్మలకుంట తోలుబొమ్మలవారు ఆ కిటుకు నెఱుగుదురు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. డిస్నీ చిత్రకారులు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో ప్రకటించిన గ్రంథమున పండ్రెండు సూత్రములు చెప్పిరి. చేతిగీతల నాటి యా సూత్రములే నేడు కంప్యూటరు తరగతులలోను చెప్పుచున్నారు. బంతి నేలదాకి యెగిరినపుడు దాని బరువు కనబడవలెను. అది రాని బోధ యెంత వెలగల యంత్రముపై చేసినను వ్యర్థము. 2025లో ఆస్కారు నందిన లాట్వియా చిత్రము 'ఫ్లో' బ్లెండరను ఉచిత సాఫ్ట్‌వేరుతోనే తయారైనది.

కావున పాఠశాలకు పోయినవారు గత సంవత్సరపు సామాన్యవిద్యార్థుల షోరీళ్లను అడుగవలెను. ఉత్తమునిది మాత్రమే చూపినచో ఒప్పుకొనరాదు. అందులో ఏ భాగ మెవరు చేసిరో చెప్పగలరా? గురువు తాను చేసిన పని చూపునా? ఒకదినము తరగతిలో కూర్చుండనిత్తురా? ఫీజు వాపసు నియమమును కాగితముపై వ్రాసియిత్తురా? సందేహించినచో లేచి రావలెను. ఉద్యోగము ఖాయమనువారిని మఱియు నమ్మరాదు. 'లైఫ్ ఆఫ్ పై' దృశ్యములకు 2013 ఫిబ్రవరిలో ఆస్కారు వచ్చినది. వానిని చేసిన సంస్థ అదే మాసమున దివాలాపిటిషను వేసినది. ఆ సంస్థకు హైదరాబాదునందును శాఖ యుండెను.

డిగ్రీమాట వేఱు. 1956నాటి యూజీసీ చట్టము ననుసరించి విశ్వవిద్యాలయములును, చట్టము అధికార మొసగిన సంస్థలును మాత్రమే డిగ్రీ నీయగలవు, తక్కినది సర్టిఫికెట్టే. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప లలితకళల విశ్వవిద్యాలయములో యానిమేషన్ బీయఫ్‌ఏ యున్నది. కడపయందును 2020లో లలితకళల విశ్వవిద్యాలయ మేర్పడినది. అచ్చటను పై ప్రశ్నలే అడుగుడు.

విద్యావేతనసమితివారికి మా విన్నపము: పాఠశాలకు స్వయముగా పోయి యెవరి షోరీలు చూచిరో పిల్లవాడు ఒక పుటలో వ్రాసియిచ్చిన పిమ్మటనే పైకము మంజూరు చేయుడు.

మా మనుమ డిప్పుడు ఇంటివద్దనే బ్లెండరుతో మొదటినుండి నేర్చుకొనుచున్నాడు. వీథిలోని మేకను గంటలకొలది చూచి దాని నడక గీయుచున్నాడు. మొన్న మాకు చూపెను. మూడు కాళ్లు కుదిరినవి, నాలుగవది యింకను నేలపై జాఱుచున్నది.