రెండో కాలికీ సాధన కావాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆత్మనియంత్రణ, పట్టుదల గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు ఉపాధ్యాయులమైన మమ్మల్ని కోరారు. ఈ మాటలు పిల్లలు బడిలో రోజూ వింటూనే ఉంటారు. వినీ వినీ వారికి అవి గోడమీద రాసిన సూక్తుల్లా అయిపోయాయి. అందుకని ఉపదేశం తగ్గించి, మన కళ్లముందు జరిగిన ఒక పనితో మొదలుపెడతాం.

మన బన్సీలాల్‌పేట్ మెట్లబావిని మీరందరూ చూశారు. 17వ శతాబ్దం నాటిదని చెప్పే ఆ బావి ఎన్నో ఏళ్లు చెత్తకుప్పగా పడి ఉంది. దాన్ని ఎవరూ ఒక్కరోజులో పూడ్చలేదు. ఈరోజు ఒక సంచి, రేపు ఒక బుట్ట, అలా పూడిపోయింది. పురపాలక శాఖ, రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ సంస్థ కలిసి 2021లో పని చేపట్టాయి. లారీలకొద్దీ చెత్త, మట్టి తీయించాయి. 2022 డిసెంబరు 5న బావిని తిరిగి ప్రారంభించారు. చెత్త తీశాక అడుగున ఊట బతికే ఉందని తెలిసింది.

మనిషి అలవాట్లూ ఇంతే. ఒక్క తప్పుతో ఎవరూ చెడిపోరు, ఒక్క తీర్మానంతో ఎవరూ బాగుపడరు. "ఈ ఒక్కరోజే కదా" అనుకుంటూ పూడ్చుకుంటాం. "ఈరోజు కూడా" అనుకుంటూ తవ్వుకుంటాం. తవ్విన తర్వాత కూడా రోజూ ఊడ్చుకోకపోతే బావి మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక పట్టుదల విషయం. మా వృత్తివారే ఒకరి గురించి చెబుతాం. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. బడిపంతులుగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో మన దేశం 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

రహీమ్ సాబ్ పద్ధతుల్లో ఒకటి మాకు చాలా ఇష్టం. కుర్రాళ్లకు ఆయన ఒక చిత్రమైన పోటీ పెట్టేవారు. అందులో బలమైన కాలితో బంతి తన్నకూడదు. బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తంటాలు పడాల్సిందే. మొదట్లో బంతి ఎటో పోతుంది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. అయినా ఆడగా ఆడగా ఆ కాలు కూడా పనికొస్తుంది.

పిల్లలూ, పట్టుదల అంటే ఇదే. వచ్చిన పనిని పదిసార్లు చేయడం సులువే. లెక్కల్లో మంచి మార్కులు వచ్చే పిల్లవాడు రోజూ లెక్కలే చేస్తాడు, ఇంగ్లీషు పుస్తకం అటక మీద ఉంటుంది. ఉర్దూ మీడియంలో చదివిన అమ్మాయి నలుగురిలో తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడి ఊరుకుంటుంది. రోజుకు అరగంట ఆ బలహీనమైన కాలికి ఇవ్వండి. ఆ అరగంట ఫోను పక్క గదిలో ఉండాలి. రంజాన్ నెలలో పగలంతా ఎదురుగా నీళ్లున్నా ముట్టుకోని మీకు, అరగంట ఫోను ముట్టుకోకుండా ఉండటం చేతకాదా? ఆ నిగ్రహం మీలో ఇప్పటికే ఉంది. దాన్ని చదువు దగ్గరికి తీసుకురావడమే మిగిలింది.

ఓడిపోతే ఏం చేయాలని అడుగుతారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తర్వాత థాయిలాండ్‌పై, జపాన్‌పై, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై గెలిచింది. ఫైనల్లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాబ్ వెనక వరుస నుంచి ముందుకు తెచ్చి ఆడించారు. ఆయన గోల్ కొట్టారు, పి.కె. బెనర్జీ మరొకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. మొదటి రోజు ఓటమిని చివరి మాట అనుకుని ఉంటే ఆ పతకం వచ్చేది కాదు. ఒక పరీక్ష తప్పిన పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు దాతలతో ఒక మాట. పట్టుదల గురించి పేదపిల్లలకు చెప్పడం చాలా తేలిక. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో, టీవీ మోగుతుండగా, చిన్న తమ్ముణ్ని ఒడిలో పెట్టుకుని చదివే పిల్లకు పట్టుదల ఒక్కటే సరిపోదు. ఆ జకార్తా జట్టులో తులసీదాస్ బలరామ్ అనే ఆటగాడు ఉన్నారు. మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడే. పేద ఇల్లు. హైదరాబాద్ వెళ్లి సాధన చేయడానికి దారిఖర్చులు లేకపోతే, సైకిలు అద్దెకు రహీమ్ సాబే డబ్బులిచ్చారని ఆయన తర్వాత చెప్పుకున్నారు. సైకిలు తొక్కింది బలరామే, ఆ చెమట ఆయనదే. కానీ ఆ అద్దె డబ్బు లేకపోతే ఆ చెమటకు దారి దొరికేది కాదు.

మన పేటలో బడి మానే పిల్లల్ని మేము ఏటా చూస్తున్నాం. వారిలో ఎక్కువమంది చదువు రాక మానడం లేదు. పదో తరగతి అయ్యాక ఇంటర్ మొదటి ఏడాది ఫీజు ఎవరో కడతారు. రెండో ఏడాదికి ఆ చేయి కనిపించదు. అబ్బాయి మెకానిక్ షెడ్డుకు పోతాడు, అమ్మాయి కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. ఆ పనులు తక్కువవని కాదు. కానీ అవి వాళ్లు కోరుకున్నవి కావు.

కొంచెమే అయినా విడవకుండా చేసే మంచిపని అల్లాహ్‌కు ఎంతో ప్రియమైనదని ప్రవక్త (స) బోధించారు. ఈ బోధ విద్యార్థికి ఎంత వర్తిస్తుందో దాతకూ అంతే వర్తిస్తుంది. రంజాన్‌లో ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తానికి మేము కృతజ్ఞులం. దానితోపాటు ఒక్క పిల్లవాణ్ని ఎంచుకుని, చదువు పూర్తయ్యేవరకు నెలనెలా కొంత ఇవ్వండి. డబ్బుతో పాటు మూడు నెలలకొకసారి "ఎలా చదువుతున్నావు బేటా" అని అడగండి. సాయంత్రాలు చదువుకోవడానికి ఒక గది, నాలుగు బెంచీలు, ఒక ఫ్యాను చూపించండి. కూర్చోబెట్టి చదివించే పని మేము చూసుకుంటాం.

పిల్లలు అరగంట తప్పకుండా చదవాలి. మేము ఆ గదికి వేళ తప్పకుండా రావాలి. మీరు నెల తప్పకుండా ఇవ్వాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా మిగతా రెండూ వృథా అవుతాయి. ముగ్గురం తప్పకుండా నిలబడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.