కాన్సరు వైద్యము ఊరి దరికి రావలెను
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణములో ఆదాయవ్యయములు వింటాము. ఇంటిలో ఒకరికి కాన్సరు వచ్చినదంటే ఆ ఏటి లెక్కలన్నీ తలక్రిందులౌతవి. పేరెత్తుటకే పెద్దలు జంకిన ఈ వ్యాధిని గురించి పండుగపూట మాట్లాడుట ఏమని కొందరికి తోచవచ్చును. కాని ఊళ్ళు విడిచి వచ్చిన మనమందరము ఒకచోట కూడేది ఈనాడే గనుక, ఈ మాట ఈనాడే చెప్పుకొందాము.

మనది హొసూరు ప్రాంతము. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి వైపు ఎక్కడికి పోయినా ఇండ్లలో తెలుగు వినబడును, కచేరీలలో కన్నడము నడుచును. ఈ హొసూరులో 1920లో పుట్టిన డాక్టరు హెచ్. నరసింహయ్యగారు పై చదువు కోసము 1935లో బెంగుళూరికి కాలినడకను పోయినారు. తరువాత ఆయన పాటుపడినందున గౌరిబిదనూరులోను, బాగేపల్లిలోను నేషనల్ కాలేజీలు వెలసినవి. చదువు ఊరి దరికి వచ్చినది. వైద్యము కూడ అట్లే రావలెనని మా మనవి.

బెంగుళూరులో 1973లో నెలకొన్న కిద్వాయి కాన్సరు ఆసుపత్రి పేదలకు పెద్ద దిక్కు. అయితే కిరణ చికిత్స తరచుగా వారమునకు ఐదు రోజుల చొప్పున ఐదారు వారములు సాగును. హొసూరు నుండి బెంగుళూరు సుమారు 80 కిలోమీటర్లు. రోగికి తోడు ఒకరు ఉండవలెను. ఇద్దరి కూలి పోవును. బస, భోజనము, బస్సు ఛార్జీలు వేరు. మందు ఉచితముగా దొరికినా దారి ఖర్చు భరించలేక చికిత్సను నడుమనే మానుకొన్నవారు ఉన్నారు. సగము చికిత్సతో రోగము మరల తలయెత్తును.

కిరణ యంత్రము ప్రతి తాలూకాలో పెట్టుట సాధ్యము కాదు, అక్కరయు లేదు. అనుమానము కలిగిన చోట ముక్క తీసి పరీక్షకు పంపుట, పెద్ద ఆసుపత్రివారు నిర్ణయించిన మందులు ఎక్కించుట, చికిత్స పిదప కనిపెట్టి చూచుట, నొప్పికి మార్ఫిను ఇచ్చుట - ఇవి శిక్షణ గల డాక్టరు, నర్సు ఉన్నచో దగ్గరి ఆసుపత్రిలోనే జరుగవచ్చును. మూడేండ్లలో అన్ని జిల్లా ఆసుపత్రులలోను పగటిపూట కాన్సరు చికిత్సా కేంద్రములు పెట్టుదుమని 2025-26 కేంద్ర బడ్జెటులో ప్రకటించినారు. ఆ మాట కాగితము మీదనే నిలిచిపోకుండ అడుగుచుండుట ప్రజల పని.

ఇక పరిశోధన. ఆ మాట వినగానే మహానగరములోని ప్రయోగశాల తలపునకు వచ్చును. కాని మన దేశములో గొప్ప నిదర్శనములు పల్లెలలోనే దొరికినవి. మహారాష్ట్రలో బార్శీ అను చిన్న పట్టణపు ఆసుపత్రివారు 1987లోనే చుట్టుప్రక్కల పల్లెల కాన్సరు రోగుల లెక్క వ్రాయుట మొదలుపెట్టినారు. తమిళనాడు దిండిగల్ జిల్లాలో అంబిలిక్కై సామాజిక ఆసుపత్రి పాలుపంచుకొన్న పరిశోధనలో, నర్సులు స్త్రీల గర్భాశయ ముఖమునకు పలుచని వినిగరు పూసి పరీక్షించినారు. 30 నుండి 59 ఏండ్లలోపు స్త్రీలను 49 వేల మందికి పైగా ఎంచుకొన్నారు. పరీక్ష జరుగని పల్లెలకంటె అక్కడ ఈ కాన్సరు మరణములు 35 శాతము తగ్గినవని 2007లో వెల్లడియైనది. ఉస్మానాబాదు జిల్లాలో ఒక్కసారి వైరసు పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేసినందుననే మరణములు ఇంచుమించు సగమునకు దిగినవని 2009లో తేలినది. పొలము పనులు చేసుకొను స్త్రీలు సహకరించినందున ఈ జ్ఞానము లోకమునకు దక్కినది.

మన ఆడవారికి ఇంకొక ఆపద గలదు. 1982 నుండి బెంగుళూరులో వ్రాయుచున్న లెక్కలలో స్త్రీల నోటి కాన్సరు ఎక్కువగా కనబడినది. ఆకువక్కతో పొగాకు, కడ్డిపుడి నమలుట ఇందుకు ముఖ్య కారణము. కేరళలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి నోరు చూచినందున పొగాకు, మద్యము అలవాటున్నవారిలో నోటి కాన్సరు మరణములు మూడవవంతు తగ్గినవని 2005లో తేలినది. నోరు తెరచి చూపుటకు ఖర్చేమి?

అమెరికాలోని తెలుగు డాక్టర్లు అండగా నిలువగా హైదరాబాదులో 2000లో బసవతారకం ఇండో అమెరికన్ కాన్సరు ఆసుపత్రి ప్రారంభమైనది. అంత పని మనకు శక్యము కాకపోవచ్చును. మన చేతనైనవి మూడు ఉన్నవి. ఊరిలో ఉన్న అమ్మను, అక్కను, వదినను వెంటబెట్టుకొనిపోయి పరీక్ష చేయించుట. తొమ్మిది నుండి పదునాలుగు ఏండ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖ కాన్సరు రాకుండ టీకా వేయించుట. చికిత్సకు బెంగుళూరు వచ్చిన మన ఊరివారికి చివరి రోజువరకు బస, భోజనము అమర్చుట.

ఈ మూడవ పనికి సంఘము ఒక నిధి ఏర్పరచవలెనని కోరుచున్నాము. వచ్చే ఉగాదికి ఈ వేదిక మీద దాని జమాఖర్చులు చదువుకొందాము. ఎందరు చికిత్స పూర్తి చేసుకొని ఇల్లు చేరినారో ఆ లెక్క మొదట చదువుదాము.

అందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.